ఇతివృత్తం అడిగితే పిల్లలు నీతి రాస్తున్నారు: కథ లోపలి మాటను పట్టుకోవడం ఎట్లా నేర్పాలి?

మేడం గారూ, మీరు తొమ్మిదో తరగతిలో ఒక కథ చదివించి ఇతివృత్తం రాయమంటే సగం మంది కథంతా తిరిగి రాశారని, మిగతావాళ్ళు "ఈ కథ వల్ల మనం తెలుసుకోవలసిన నీతి ఏమనగా" అని మొదలుపెట్టారని, నలుగురైదుగురు గైడులోని వాక్యాన్ని పొల్లుపోకుండా దించారని రాశారు. నేను నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల్లోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పాను. మొదటి పదేళ్ళు నా తరగతిలోనూ అచ్చంగా ఇదే జరిగింది. నేను చేసిన పని ఏమిటంటే, పిల్లలు తప్పు రాయగానే సరైన వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి ఎక్కించుకోమనడం. పరీక్షలో వాళ్ళు ఆ వాక్యాన్నే రాసేవాళ్ళు, నేను మార్కులు వేసేవాణ్ణి, ఇద్దరమూ సంతోషంగానే ఉండేవాళ్ళం. వాళ్ళకు తెలియని కథ ఇచ్చిన రోజున మాత్రం తరగతి మొత్తం మూగబోయేది.

ముందు ఆ 'ఇతివృత్తం' అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే చిక్కులో సగం అక్కడే ఉంది. భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాట్యానికి శరీరం అంటుంది. అంటే జరిగిన కథ, సంఘటనల అల్లిక అన్నమాట. ఆ లెక్కన కథంతా తిరిగి రాసిన మీ పిల్లవాడు పాత అర్థంలో సరిగ్గానే రాశాడు! మన వాచకాల్లోనేమో పాఠం పక్కన 'ఇతివృత్తం' అని వేసి మాతృభాషాభిమానం, త్యాగం, మానవ విలువలు వంటి ఒకటి రెండు మాటలు పెడతారు. అది విషయం పేరు. సాహిత్య విమర్శకులు 'వస్తువు' అనే మాటను కొన్నిసార్లు విషయానికీ, కొన్నిసార్లు రచయిత దృష్టికీ వాడతారు. ఇంత బరువును ఒక్క మాట మీద మోపి, పద్నాలుగేళ్ళ పిల్లను "ఇతివృత్తం చెప్పు" అంటే ఆ పిల్ల ఏ అర్థాన్ని పట్టుకోవాలి? అందుకని నేను తరగతి గదిలో మూడు వేర్వేరు మాటలు వాడటం మొదలుపెట్టాను. కథ దేని గురించి అన్నది 'విషయం', ఒక్క మాటలో అయిపోతుంది. ఏం జరిగింది అన్నది 'కథ నడక'. ఆ విషయం గురించి ఆ నడక ద్వారా కథ ఏమంటున్నది అన్నది 'లోపలి మాట'. ఇది ఎప్పుడూ పూర్తి వాక్యమే అయి ఉండాలి. వలస అన్నది విషయం. వలస గురించి కథ ఏదో ఒకటి అనాలి కదా, ఆ అన్నదే మనకు కావలసింది. పరీక్ష కాగితం మీద మాత్రం 'ఇతివృత్తం' అని ఉంటే లోపలి మాటే రాయమని ముందే చెప్పి ఉంచేవాణ్ణి.

నీతి సంగతి వేరు, అది బడికి రాకముందే మొదలైన అలవాటు. పేదరాశి పెద్దమ్మ కథల నుంచి పంచతంత్రం దాకా పిల్లలు విన్న ప్రతి కథకూ తోకలాగా ఒక నీతి వేలాడుతూ ఉంటుంది. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక పేరులోనే నీతి ఉంది. మిత్రలాభం, మిత్రభేదం కథలను ఆ పని కోసమే చెప్పారు, వాటిని అట్లా చదవడంలో తప్పేమీ లేదు. ఆధునిక కథానిక పుట్టుక వేరు. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'నే తీసుకోండి, ఇది పిల్లల కోసం కాదు, మన కోసం. భర్తలు బుద్ధిగా ఇల్లు పట్టి ఉండాలి అన్నది దాని నీతి అని రాస్తే రాయవచ్చు. కాని దిద్దింది ఎవరు, దిద్దించుకున్నది ఎవరు, దేనితో దిద్దింది అని అడగండి. స్త్రీలకు చదువు కావాలనే భర్తను, చదువుకున్న భార్య ఒక ఉత్తరం రాసి దారికి తెచ్చుకుంటుంది. తాను బయట మెచ్చుకునే చదువు ఇంట్లో తననే నిలదీయడం ఆ కథ లోపలి మాట. నీతి వాక్యం రాసుకుని పుస్తకం మూసేస్తే ఆ వ్యంగ్యం మొత్తం చేజారుతుంది.

ఇక తరగతిలో పని ఎట్లా చేయాలో చెబుతాను. దీనికి వాచకంలోని కథ కన్నా పిల్లలకు తెలియనిది, ఒక్క పుటకు మించనిది మేలు. గైడులో దొరకదు, ఒకే పీరియడులో రెండుసార్లు చదవవచ్చు. నాకు అట్టి కథ దొరకక నేనే ఒకటి రాసుకున్నాను. గొప్ప కథేమీ కాదు, పాఠం చెప్పడానికి సరిపోతుంది. కావాలంటే మీరూ వాడుకోండి.

"ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ముంబై నుంచి ఫోను వచ్చింది. 'స్పీకరు పెట్టు బిడ్డా' అన్నది నాయినమ్మ. శ్రీను మీట నొక్కి ఫోనును ఇద్దరి నడుమ గడప మీద పెట్టాడు. 'బడికి పోతున్నవా?' అని నాయిన అడిగాడు. శ్రీను నోరు తెరిచేలోపే 'దినాం పోతుండు' అన్నది నాయినమ్మ. వారం రోజులుగా శ్రీను మేకల వెంట పోతున్నాడు. 'అమ్మా, నీ మోకాళ్ళు ఎట్లున్నయి?' 'మంచిగనే ఉన్నయి' అన్నది ఆమె, గోడ పట్టుకుని కాలు చాపుకుంటూ. 'నువ్వు తిన్నవా?' 'ఇప్పుడే తిన్న. అన్నం, కూర' అన్నాడు నాయిన. ఆ మాట వెనక రేకుల మీద వాన చప్పుడు, ఆ చప్పుడులోంచి ఆగకుండా దగ్గు. శ్రీను ఫోను చేతిలోకి తీసుకుని, స్పీకరు బంద్ చేసి, చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు వింటూ నిలబడ్డాడు. ఫోను పెట్టేశాక 'ఏమన్నడు?' అని నాయినమ్మ అడిగింది. 'మంచిగున్నడంట. నిన్ను పైలంగ ఉండుమన్నడు.' నాయినమ్మ వాడి మొఖం వైపు కొంచెంసేపు చూసింది. 'సరే, తిందాం పా' అని లేచింది."

మొదటిసారి మీరే చదవండి, వివరణ ఏమీ ఇవ్వకుండా, దగ్గు దగ్గర గొంతు మార్చకుండా. రెండోసారి పిల్లల చేత చదివించండి. తర్వాత పేరు పెట్టమనండి. ఈ కథకు నేను పేరు పెట్టకపోవడానికి కారణం ఉంది. పిల్లవాడు పెట్టే పేరును బట్టి వాడు కథలో ఎక్కడ ఆగాడో మనకు తెలిసిపోతుంది. 'వలస' అన్నవాడు విషయం దగ్గర ఆగాడు. 'ఆదివారం ఫోను' అన్నవాడు నడక దగ్గర ఆగాడు. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు "మంచిగున్నడంట" అని పెట్టాడు. వాడికి ఏదో తగిలింది, కాని అదేమిటో వాడికే ఇంకా తెలియదు. ఆ రోజు మిగతా పీరియడంతా వాడికి తెలిసేటట్లు చేయడమే నా పని అయింది.

నీతి చెప్పమంటే ఈ కథకు తరగతి ముక్తకంఠంతో చెప్పేది ఒకటే: "అబద్ధం ఆడరాదు." మీరు నవ్వకండి, ఆ వాక్యాన్ని అట్లాగే నల్లబల్ల మీద రాయండి. రాసి, "అయితే ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరు?" అని అడగండి. పిల్లలు ఇబ్బందిగా కదులుతారు. ముగ్గురూ అబద్ధం ఆడారు, ముగ్గురిలో ఒక్కరి మీద కూడా వాళ్ళకు కోపం రాలేదు. నీతి ఒకటి చెబుతున్నది, కథ చదివినప్పుడు తమ మనసు ఇంకొకటి చెప్పింది. ఈ రెంటికీ పొసగడం లేదని పిల్లలు తమంతట తాము గమనించిన తర్వాత నీతి వేరు, లోపలి మాట వేరు అని నేను ఎన్నడూ విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు. అంతకుముందు సంవత్సరాల్లో దాన్ని నిర్వచనాలతో చెప్పి చెప్పి అలసిపోయాను.

ఇక్కడ మన ప్రాంతం వాళ్ళకు ఒక జాగ్రత్త చెప్పాలి. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు బళ్ళలో ఈ కథ చదివితే పిల్లలు కథ వదిలి తమ ఇంటి ముచ్చట్లు మొదలుపెడతారు. పాలమూరు లేబరు, అంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి వలస పోయే కూలీలు, వాళ్ళకు పాఠం కాదు, నాయిన. కొందరి తాతలు ఆనకట్టల పనికి పోయినవాళ్ళు, మేనమామలు ఇప్పటికీ ముంబై, పుణెల్లో ఉన్నవాళ్ళు. అమ్మానాయినలు వలస పోతే అవ్వతాతల దగ్గర మిగిలిన పిల్లలు తరగతిలోనే ఉంటారు, కాబట్టి ఎవరినీ పేరు పెట్టి "మీ ఇంట్లో ఎట్లా?" అని అడగవద్దు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, తప్పకుండా వినండి. ఆ తర్వాత నెమ్మదిగా కథ దగ్గరికి తీసుకురండి: "నువ్వు చెప్పినదాంట్లో ఈ కాగితం మీద ఉన్నది ఏది?" అనుభవం కథలోకి పోవడానికి తలుపు తీస్తుంది, కాని వలస ఎందుకు వచ్చింది, వానలు ఎందుకు లేవు, ప్రభుత్వం ఏం చేయాలి అన్న చర్చలో పడితే అది సాంఘికశాస్త్రం పీరియడు అవుతుంది. మర్రిగూడ వైపు పనిచేసినప్పుడు ఫ్లోరైడు నీళ్ళ మీద ఒక కథ చదివించి నేను ఈ తప్పే చేశాను. నలభై ఐదు నిమిషాలూ నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే నల్గొండ పద్ధతి గురించి మాట్లాడుకున్నాం. కథలోని ముసలాయన, ఆయన వంగని నడుము, పాపం, కాగితం మీదనే ఉండిపోయాయి.

కథలో ఏం చూడాలి? నేను పిల్లలకు చెప్పేది ఒకటే: తిరిగి తిరిగి వచ్చే వస్తువునో మాటనో పట్టుకుని, అది ఎక్కడ మారిందో చూడండి. ఈ కథలో మళ్ళీ వచ్చేవి రెండు. ఒకటి 'మంచిగ' అనే మాట. నాయినమ్మ తన మోకాళ్ళ గురించి అన్నది, చివర్లో శ్రీను నాయిన గురించి అన్నాడు. పెద్దవాళ్ళ నోట్లోని మాట పిల్లవాడి నోట్లోకి వచ్చింది. రెండోది స్పీకరు. మొదట పెట్టింది శ్రీనే, బంద్ చేసిందీ శ్రీనే. "ఎందుకు బంద్ చేసిండు?" అన్న ప్రశ్న వేసి, దయచేసి ఆగండి. మనం ఉపాధ్యాయులం మౌనాన్ని భరించలేం, రెండు క్షణాలు కాగానే జవాబు మనమే చెప్పేస్తాం. నేను మనసులో ఇరవై లెక్కపెట్టుకునేవాణ్ణి. పద్నాలుగో పదిహేనో దగ్గర ఎవరో ఒకరు అంటారు: "దగ్గు నాయినమ్మకు వినపడొద్దని సార్." ఆ జవాబు వచ్చిందంటే తాళం తీసినట్లే. అంతవరకు అబద్ధాలు శ్రీను ముందర జరుగుతున్నాయి. వాడు వింటున్నాడు, వాడి గురించి కూడా ఒక అబద్ధం జరిగిపోయింది. స్పీకరు బంద్ చేసిన క్షణం నుంచి వాడు పెద్దవాళ్ళ పక్కన చేరి, తాను విన్నది తానొక్కడే మోయడం మొదలుపెట్టాడు. మార్పు ఎవరిలో వచ్చిందో, ఆ మార్పుకు ఆ పాత్ర ఏం చెల్లించిందో పిల్లలు చెప్పగలిగితే లోపలి మాట నోటి చివరికి వచ్చినట్టే.

ఇప్పుడు వాక్యం రాయించాలి, ఇక్కడ చాలామంది తొందరపడతారు. మొదటి వాక్యాలు ఎప్పుడూ వంకరగానే వస్తాయి. ఒక పిల్లవాడు రాసినది: "శ్రీను వాళ్ళ నాయిన దగ్గుతుంటే నాయినమ్మకు చెప్పలేదు." ఇది నడక. పేరు తీసేసి రాయమన్నాను. "ఒక పిల్లవాడు నాయినమ్మకు నిజం చెప్పలేదు" అని వచ్చింది. ఎందుకో కూడా కలపమన్నాను. "బాధపడుతుందని నిజం దాచిపెట్టాలి" అన్నాడు. మళ్ళీ 'ఆలి' వచ్చి చేరింది. చేయాలి, చేయరాదు అన్న ముగింపు వచ్చిందంటే నీతి వెనక తలుపు గుండా మళ్ళీ ఇంట్లోకి వచ్చినట్టే. కథ ఆజ్ఞ ఇవ్వదు, లోకం ఇట్లా ఉన్నదని చూపిస్తుంది, కాబట్టి క్రియను 'చేస్తారు, అవుతుంది' అన్నట్లు రాయమన్నాను. నాలుగోసారి వాడు రాసినది: "దూరంగా ఉన్నవాళ్ళు ఒకరినొకరు బాధపెట్టొద్దని నిజం దాచుకుంటారు." పేరు లేదు, ఆజ్ఞ లేదు, పూర్తి వాక్యం. తొమ్మిదో తరగతికి ఇది మంచి వాక్యమే. అందరూ, ఎల్లప్పుడూ, ఎవరైనా అన్న మాటలు చేరితే మాత్రం కొట్టేయించండి. ఒక పుట కథ లోకంలోని అందరి తరఫున మాట్లాడలేదు.

వాక్యం సరైనదో కాదో పిల్లలకు వాళ్ళే తేల్చుకునే ఒక పరీక్ష ఉండాలి, లేకుంటే చివరికి మన ముఖం వైపే చూస్తారు. నా అనుభవంలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ముగింపు మార్చి చూడటం. శ్రీను స్పీకరు బంద్ చేయలేదనుకోండి, దగ్గు నాయినమ్మ విన్నదనుకోండి, "నీ కొడుకు తిన్నట్టు లేదు నాయినమ్మా" అని వాడు ఏడ్చాడనుకోండి. అప్పుడు కూడా మీ వాక్యం నిలుస్తుందా? "వలస వల్ల కుటుంబాలు కష్టపడతాయి" అన్న వాక్యం రెండు ముగింపులకూ సరిపోతుంది. అంటే అది ఈ కథకు మాత్రమే చెందిన మాట కాదు, వలస మీద రాసిన ఏ కథ మీద అతికించినా అతుకుతుంది. "నిజం దాచుకుంటారు" అన్న వాక్యం మాత్రం కొత్త ముగింపు దగ్గర కూలిపోతుంది, ఎందుకంటే అక్కడ నిజం బయటపడి ఇద్దరినీ ఒకచోటికి చేర్చింది. ముగింపు మారితే మారిపోయే వాక్యమే ఈ కథ లోపలి మాట. గైడులో ఉండే వాక్యాలు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి. ఒక సంవత్సరం పదో తరగతి పిల్లలు గైడు తెచ్చి ప్రతి కథ ముగింపూ మార్చి ఆ వాక్యాలను వరుసగా పడగొట్టారు. నాకు గుర్తున్న సంతోషకరమైన పీరియడ్లలో అదొకటి.

దీన్ని అన్ని కథలకూ వాడబోతే ఇబ్బంది వస్తుంది, అదీ చెప్పాలి. కొసమెరుపు మీద ఆధారపడిన హాస్యకథల్లో ముగింపు మార్చితే లోపలి మాటకు బదులు నవ్వు పోతుంది. జానపద కథల్లో ముగింపు ఎట్లాగూ ముందే తెలిసి ఉంటుంది. అక్కడ ఈ పనిముట్టును పక్కన పెట్టండి.

చదవడమే కష్టమైన పిల్లలు మీ తరగతిలో ఉంటారు, వాళ్ళను ఈ పాఠానికి దూరం చేయవద్దు. వాళ్ళు కథ విని మాటల్లో చెబితే చాలు, రాత తర్వాత వస్తుంది. "కడుపులో పెట్టుకున్నడు సార్" అని వాళ్ళలో ఒకడు అన్న మాట మిగతావాళ్ళ మూడు వాక్యాల కన్నా బరువైనది. వాళ్ళు తమ యాసలోనే చెప్పనివ్వండి, వ్యాకరణం దిద్దే పని ఇంకో రోజు పెట్టుకోవచ్చు.

మీరు చివర్లో అడిగారు, ఒక కథకు ఇద్దరు వేర్వేరు ఇతివృత్తాలు రాస్తే మార్కులు ఎట్లా వేయాలని. ఈ కథతోనే నాకు అది జరిగింది. తరగతి అంతా "దూరంగా ఉన్నవాళ్ళు నిజం దాచుకుంటారు" దగ్గర స్థిరపడిన తర్వాత ఒక అమ్మాయి లేచి "నాయినమ్మకు తెలుసు సార్" అన్నది. ఎట్లా తెలుసమ్మా అంటే, కథలో వాడి మొఖం వైపు కొంచెంసేపు చూసిందని ఉంది కదా, చూసి మళ్ళీ ఏమీ అడగలేదు, తిందాం పా అన్నది, తెలియకపోతే ఇంకోసారి అడిగేది అన్నది. ఒక అబ్బాయి ఒప్పుకోలేదు, ముసలామె చూస్తే చూసి ఉంటుంది, దానికి తెలిసినట్టని ఎందుకు అనుకోవాలని వాదించాడు. ఇద్దరినీ రాసుకురమ్మన్నాను. అబ్బాయి తన పాత వాక్యాన్నే రాసి స్పీకరు సంగతిని ఆధారంగా చూపించాడు. అమ్మాయి ఇట్లా రాసింది: "ఇంట్లో ఒకరు నిజం దాస్తే మిగతావాళ్ళు తెలిసి కూడా తెలియనట్టు ఉంటారు, అది కూడా ప్రేమే." ఆధారంగా ఆ చూపునూ, "సరే" అన్న ఒక్క మాటనూ గీత గీసి చూపించింది. నిజం చెప్పాలంటే ఆ చూపు వాక్యం రాసేటప్పుడు నేను అంత ఆలోచించలేదు. ఇద్దరికీ ఐదుకు ఐదు వేశాను. ఆధారం లేకుండా అదే మాట రాసిన మూడో పిల్లవాడికి రెండే వేసి, కథలో ఎక్కడ దొరికిందో గీత గీసి తెమ్మని కాగితం వెనక్కి ఇచ్చాను. మరునాడు గీసి తెచ్చాడు, కాని వాడు గీసింది ఇంకో వాక్యం కింద: గోడ పట్టుకుని కాలు చాపుకుంటూ అన్నచోట. అబద్ధం ఆడుతున్నప్పుడు ఆమె నొప్పి శ్రీనుకు కనబడుతూనే ఉన్నది, అందుకే వాడికి ఎట్లా దాచాలో తెలిసింది అని పక్కన చిన్నగా రాసి ఉంది. మిగిలిన మూడు మార్కులూ కలిపేశాను.